లోపల వదిలిన గుడ్డ

క్యాంటీన్ వెనక గది,
ఫిబ్రవరి 9

అక్కయ్యా,

స్కూలు ఫోటో అందింది. మూడో వరసలో చివర నిలబడ్డ పిల్ల నా కూతురేనా అని రెండుసార్లు చూశాను. పద్నాలుగేళ్ళ పిల్లకి మెడ కింద ఎముకలు అలా పొడుచుకొస్తాయా? నేను ఈ ఫ్యాక్టరీ ఉద్యోగానికి బయలుదేరిన రోజున దాని బుగ్గలు దానికున్నాయి. ఎనిమిది నెలలుగా పిల్ల నీ దగ్గరుంది. ఆ బుగ్గలు ఎక్కడికి పోయాయో నువ్వే చెప్పాలి.

ఫోన్లో అడగొచ్చుగా అంటావు. నీ ఫోను కత్తిరింపు బల్ల మీద ఉంటుంది, ఎప్పుడు చేసినా ముందు పిల్లే ఎత్తుతుంది. అది వింటూ ఉంటే నువ్వు నిజం చెప్పవు. అందుకే ఉత్తరం, అదీ షాపు చిరునామాకి. చదివాక దాని కంట పడనివ్వకు.

నిన్ను అనుమానిస్తున్నానని మాత్రం అనుకోకు. కానీ ఇక్కడ నా పనేమిటో నీకు తెలుసు. నాలుగు వందలమంది తిని పెట్టిన పళ్ళేల్లో ఎంత మిగిలిందో చూడటమే నా ఉద్యోగం. ఎవరు తిన్నారో, ఎవరు తిన్నట్టు కెలికి వదిలేశారో చూడగానే పట్టేస్తాను. పిల్ల ఏ పూట ఏం తింటోందో, ఎంత తింటోందో రాసి పంపు. దాచకుండా రాయి.

నీ చెల్లెలు

*

టైలరింగ్ షాపు,
ఫిబ్రవరి 20

చెల్లీ,

"అనుమానించడం లేదు" అంటూనే "దాచకుండా రాయి" అన్నావు చూడు, అక్కడే దొరికిపోయావు. చదవగానే నాకు ఒళ్ళు మండింది.

పిల్ల పొడుగెదుగుతోందే తల్లీ! పొడుగెదిగే వయసులో ఎవరైనా సాగినట్టే కనిపిస్తారు. నువ్వు మాత్రం ఆ వయసులో ఎలా ఉన్నావు? చీపురుపుల్లకి పరికిణీ చుట్టినట్టుండేదానివి. పొద్దున పాలు, బ్రెడ్డు. మధ్యాహ్నానికి డబ్బా. సాయంత్రం నా ఎదురుగానే కూర్చుని తింటుంది. పళ్ళెం కడిగినట్టు ఖాళీ చేసి మరీ లేస్తుంది. నేనేమీ దాన్ని ఎండగట్టి చంపడం లేదు.

మా బుంగకి ఈమధ్య కుట్టుపని మీద మహా ఇష్టంగా ఉంది. కాజాలు నాకంటే నీటుగా కుడుతోంది. మొన్న స్కూలు యూనిఫాం కొత్తది కుడదామని టేపు తీస్తే, "నేనే కొలుచుకుంటాలే పెద్దమ్మా" అని కొలతలు తనే రాసిచ్చింది. కాబట్టి నీ భయాలు మడిచి పెట్టెలో పెట్టుకో.

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
మార్చి 3

అక్కయ్యా,

దాన్ని ఇంకా బుంగ అని పిలుస్తున్నావా?

పాలు, బ్రెడ్డు, డబ్బా అని రాశావు. ఎన్ని ముద్దలు? ఆ డబ్బా ఎవరు సర్దుతున్నారు? తిరిగొచ్చాక ఎవరు కడుగుతున్నారు? కడిగినట్టు ఖాళీ అయిన పళ్ళెం అంటే నాకు అసలు నమ్మకం లేదు. మాట తప్పించేవాళ్ళ పళ్ళేలే అంత శుభ్రంగా ఉంటాయి. ఇక్కడ ఒకామె రోజూ రొట్టె నాప్‌కిన్‌లో చుట్టి పారేస్తుంది. ఆమె పళ్ళెం అద్దంలా ఉంటుంది.

ఇంకోటి. కాజాలు కుడుతోందని మురిసిపోతున్నావు. బడి నుంచి రాగానే మిషన్ ముందు కూర్చోబెడుతున్నావేమో అని నా భయం. నీకు పనిమనిషి దొరక్క కాదు కదా దాన్ని నీ దగ్గర ఉంచుకుంది?

నేనే వచ్చి చూద్దామంటే కొత్త మేనేజరు సెలవు ఇవ్వనంటున్నాడు.

నీ చెల్లెలు

*

టైలరింగ్ షాపు,
మార్చి 18

చెల్లీ,

మొన్న దాని క్లాసు టీచరమ్మ కోటు కొలతలు ఇస్తానని షాపుకొచ్చింది. భుజాలు కొలుస్తుంటే, "పాప ఇంట్లో బాగా తింటుందా? మీరు కోప్పడతారా?" అని అడిగింది. కొలతలన్నీ అయ్యాక గుడ్డ ఏదమ్మా అంటే తెల్లమొహం వేసింది. కోటు కుట్టించుకోవడానికొచ్చి గుడ్డ మర్చిపోయిన మనిషిని ముప్పై ఏళ్ళలో ఇదే చూడటం. నిలదీస్తే పాపం ఒప్పేసుకుంది. "వాళ్ళమ్మగారు రాశారండీ, ఓ కంట కనిపెట్టమని" అంది. సొంత అక్క మీద గూఢచారిని పెడతావే! నాకు తల కొట్టేసినట్టయింది.

నాలుగు దులిపేద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ ఆవిడ వెళ్తూ చెప్పిన మాట తర్వాత నీ మీద కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. మన పిల్ల డబ్బా రోజూ పక్క బెంచీ అమ్మాయి తింటోందట. అప్పుడు నాకు బుర్ర తిరిగింది. సాయంత్రం పళ్ళెం ఖాళీ చేస్తోంది సరే, అది నేను గిరాకీ వచ్చి లేచినప్పుడే ఖాళీ అవుతోంది.

ఆ రాత్రే టేపు తీసుకుని, "రా, నిలబడు" అన్నాను. రానంది. అరిచింది. పట్టుకుని కొలిచాను. కొలతల పుస్తకంలో పోయినేడాది నడుము పక్కన ఈ నడుము రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అది రాసిచ్చిన కొలతలన్నీ అబద్ధాలు. ఆ యూనిఫాం దాని ఒంటి మీద హ్యాంగరుకి వేసినట్టు వేలాడుతుంటే, లూజుగా కుట్టానేమో అనుకున్నాను నేను, ఇంత అనుభవం పెట్టుకుని!

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఇది తిండి మీద అలక కాదు జబ్బు, అని పుల్ల విరిచినట్టు చెప్పింది. పిల్ల ఆవిడ ముందు నోరు విప్పితే ఒట్టు. అందుకని ఆవిడ నాలుగు పేజీల ప్రశ్నల కాయితం ఇచ్చింది. అన్నీ ఆరేళ్ళ లోపు సంగతులే. పుట్టినప్పుడు ఎలా ఉంది, తిండికి మారాం చేసేదా, బలవంతంగా పెట్టేవాళ్ళా, ఇంట్లో ఎవరైనా లావు సన్నం అని మాట్లాడేవాళ్ళా, అని. ఇలాంటిది ఒక్క కారణంతో రాదు, దోషి ఎవరని వెతకడం లేదు, దారి ఎక్కడుందని వెతుకుతున్నాను, అంది. కాయితం ఇందులో పెడుతున్నాను. తల్లివి నువ్వే నింపాలి.

నేనూ ఒకటి అడుగుతాను. ప్రతి ఆదివారం ఫోన్లో దానితో ఏం మాట్లాడుతున్నావు? ఫోను పెట్టేశాక ఆ పూట అది కంచం దగ్గరికి రాదు.

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
మార్చి 27

అక్కయ్యా,

కాయితం నింపి పంపుతున్నాను. పుట్టుక మామూలు. తిండి మామూలు. బలవంతం లేదు. ఇంట్లో అలాంటి మాటలు లేవు.

ఫోన్లో ఏం మాట్లాడతాను? తిన్నావా అని అడుగుతాను. ఏం తిన్నావని అడుగుతాను. తల్లిని, అడగనా? అయినా తొమ్మిది నెలలు నీ చేతికింద ఉన్న పిల్లకి జబ్బు చేస్తే, ఆరేళ్ళ లోపు సంగతులు తవ్వడం ఏమిటి? ఆ డాక్టరమ్మకి ఈ ప్రశ్నలు ఎవరు అందించారో నాకు అనుమానంగా ఉంది.

మేనేజరుతో మళ్ళీ మాట్లాడాను. పై వారం చెబుతానన్నాడు.

నీ చెల్లెలు

*

టైలరింగ్ షాపు,
ఏప్రిల్ 5

చెల్లీ,

మామూలా? నెల ముందే పుట్టి అరచేతిలో పట్టేంత ఉన్న పిల్లా మామూలు? చెంచా చూడగానే మెడ తిప్పేసుకునేది. నువ్వు ముక్కు మూసి నోట్లో పోసేదానివి. వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా దిగనిచ్చేదానివి కాదు. ఓ రోజు నేను పొద్దున వచ్చి, బజారు పని చూసుకుని మళ్ళీ వస్తే, అది ఆ స్టూలు మీదే ఉంది, బుగ్గలో అదే ముద్ద ఉంది. ఎదురుగా నువ్వు కూర్చుని ఏడుస్తున్నావు.

తర్వాత అది బొద్దుగా తయారయ్యాక మళ్ళీ నువ్వే బిస్కెట్ల డబ్బాకి తాళం వేశావు. ముందు తినలేదని ఏడుపు, తర్వాత తిన్నదని ఏడుపు. ఆ పసిది ఎటు తిరగాలి?

ఇవన్నీ డాక్టరమ్మకి నేనే చెప్పేద్దామనుకున్నాను. తల్లి చెప్పాల్సిన మాట పిన్నో పెద్దమ్మో చెబితే చాడీలా ఉంటుందని ఆగాను. మామూలు అని రాసి పంపిన ఆ కాయితం ఆవిడకి ఇవ్వలేదు. నా దగ్గరే ఉంది. సెలవు ఇవ్వడం లేదన్న మాట కూడా నేను నమ్మడం లేదు. నీకు రావడానికి భయం.

నాడి ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చాలట.

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
ఏప్రిల్ 14

అక్కయ్యా,

స్టూలు సంగతి నిజమే. అది చచ్చిపోతుందని భయపడ్డాను. పుట్టినప్పుడు నర్సు దాన్ని నా చేతిలో పెట్టి, "తినిపించుకుంటే దక్కుతుంది" అంది. ఆ మాట చెవిలో పడ్డ తల్లి ఏం చేస్తుందో నీకెలా తెలుస్తుంది? పిల్లల్ని కన్నావా పెట్టావా?

అనకూడని మాట అనేశాను. ఆ వాక్యం కొట్టేయను, ఉండనీ. నువ్వూ తక్కువ అనలేదు.

నా సంగతులన్నీ బాగా గుర్తున్నాయి నీకు. మరి నీ సంగతి? గౌన్ల సంగతి డాక్టరమ్మ చెవిన వేశావా? దానికి ఆరేళ్ళప్పుడు, బిగుతుగా ఉంటే చూసుకుని తింటుందని, నడుము దగ్గర లోపలికి పట్టి కుట్టమని నేను అడిగిన మాట నిజం. కుట్టింది మాత్రం నీ చెయ్యి. ఒకటి కాదు, రెండేళ్ళ పాటు ప్రతి గౌనూ. అది గుండీ పట్టక అవస్థ పడుతుంటే నవ్వి బుంగ అని పేరు పెట్టింది నువ్వే. ఆ మాట నీ ఉత్తరాల్లో ఎక్కడా లేదేం?

వచ్చే నెలలో దాన్ని ఇక్కడికి తెచ్చేసుకుంటాను. నీ దగ్గర ఉంచను.

నీ చెల్లెలు

*

ఆసుపత్రి వరండా,
ఏప్రిల్ 22

చెల్లీ,

నిన్న ఫోన్లో చేర్చామని మాత్రమే చెప్పాను. మిగతాది నోటితో చెప్పలేను.

మొన్న మధ్యాహ్నం కాజాలు నేర్చుకోవడానికి పాత గుడ్డముక్క కావాలంది. ట్రంకుపెట్టెలో చూసుకోమన్నాను. నా బుద్ధి గడ్డి తిని అన్నాను. దాని పసుపు గౌను దొరికింది, ఆరేళ్ళప్పటిది. మామూలు పిల్లయితే చూసి ముచ్చటపడి పక్కన పెట్టేది. దీనికి నేను కుట్టుపని నేర్పాను కదా! పక్క కుట్టు విప్పింది. లోపల రెండు వైపులా వేలెడేసి గుడ్డ మడిచి ఉంది. ముందు సరైన కొలతకి వేసిన కుట్టు తాలూకు సూది రంధ్రాలు, వాటికి లోపలగా బిగించిన రెండో కుట్టు. చదువుకున్నవాళ్ళు అక్షరాలు చదివినట్టు చదివేసింది.

గిరాకీల ముందే గౌను పట్టుకొచ్చి, "గుడ్డ ఉంది కదా పెద్దమ్మా, ఎందుకు విప్పలేదు? నేను లావు కాబట్టే నాకు పట్టడం లేదన్నారు కదా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి అక్కడే పడిపోయింది.

ఆసుపత్రిలో తెలివొచ్చాక మళ్ళీ అదే అడిగింది. కావాలనే కుట్టానని చెప్పాను. "అమ్మకి తెలుసా?" అంది. తెలియదన్నాను. నేనే సొంతంగా చేశానన్నాను. నీ మీద కోపంతో ఎన్ని రాసినా, మంచం మీద పడున్న పిల్లకి తల్లిని పట్టిచ్చేంత గుండె నాకు లేకపోయింది. నువ్వు కూడా అదే మాట మీద ఉండు. పెద్దమ్మ ఒక్కత్తి చెడ్డదైతే దానికి తల్లైనా మిగులుతుంది.

కానీ అది నమ్మలేదే. నా మొహం వంక చాలాసేపు చూసి గోడవైపు తిరిగిపోయింది. రెండు రోజులుగా నాతో మాట లేదు, డాక్టరమ్మతో లేదు. సూది మందు మీద నడుస్తోంది. నిన్ను రమ్మంటానంటే మాత్రం ఒక్క మాట అంది, "అమ్మ వస్తే పళ్ళెం చూసి ఏడుస్తుంది. వద్దు" అని. తనంతట తను సరే అనేదాకా నిన్ను రావద్దంటోంది డాక్టరమ్మ. మాట్లాడకపోతే వైద్యం ముందుకి సాగదని కూడా అంటోంది.

ఆ గౌన్లు కుట్టేటప్పుడు తప్పని నాకు తెలుసు. అందుకే గుడ్డ కత్తిరించకుండా లోపల వదిలాను. ఎప్పుడో నువ్వు మనసు మార్చుకుంటే విప్పుదామని. నేనే విప్పేసి ఉండాల్సింది.

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
ఏప్రిల్ 25

అక్కయ్యా,

నీ మాట మీద ఉండను. ఆ మాట అబద్ధమని దానికి తెలిసిపోయింది. అదే మాట నేనూ అంటే ఇక ఎవరి మాటా నమ్మదు.

సెలవు సంగతిలో నీ అనుమానం నిజం. మేనేజరు మార్చిలోనే ఇస్తానన్నాడు. నేనే తీసుకోలేదు. వస్తే ఆ ప్రశ్నలకి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలని, నీ మీదకి తోసేస్తూ కూర్చున్నాను.

ఆ ప్రశ్నలన్నీ గుర్తు తెచ్చుకుని తెల్లకాయితాల మీద రాసుకుని, మొదటినుంచీ నింపాను. నెల ముందు పుట్టిందని, ముక్కు మూసి పోశానని, స్టూలు, తాళం, అన్నీ రాశాను. గౌన్లు బిగించమన్నది నేనేనని, నువ్వు వద్దంటుంటే పక్కన నిలబడి "ఇంకో వేలెడు" అన్నానని రాశాను. నీకు తెలియనిది కూడా ఒకటుంది. అద్దం ముందు నిలబడి నా పొట్ట నేనే పట్టుకుని, ఛీ ఏమిటీ ఒళ్ళు అని తిట్టుకునేదాన్ని, రోజూ. అది తలుపు దగ్గర నిలబడి చూసేది. దానికి నాలుగేళ్ళుంటాయి. ఒకరోజు తన గౌను ఎత్తి, తన పొట్ట పట్టుకుని, ఛీ అంది. నాకు ముద్దొచ్చింది. నవ్వాను. మళ్ళీ అనమని మీ మరిది ముందు కూడా అనిపించాను.

దీన్ని డాక్టరమ్మకి ఇవ్వకముందు దానికి ఇవ్వు. చదివి వినిపించకు, చేతికే ఇవ్వు. నువ్వు అబద్ధం చెప్పింది నన్ను కాయడానికని కూడా చెప్పు. చదివాక ఇక నా మొహం చూడనంటుందేమోనని భయంగా ఉంది. అన్నా సరే, ఇవ్వు.

పిల్లల్ని కన్నావా అన్న మాటకి నన్ను క్షమించు. బుగ్గలో ముద్ద చూసి ఆ రోజు దాన్ని స్టూలు మీంచి దించి ఎత్తుకెళ్ళింది నువ్వే.

నీ చెల్లెలు

*

ఆసుపత్రి వరండా,
ఏప్రిల్ 30

చెల్లీ,

ఇచ్చాను. ముందు అక్షరాలు పట్టి పట్టి చూసింది. "ఇది అమ్మే రాసిందా, నువ్వు చెప్పి రాయించావా?" అంది. మన ఇంటి అనుమానం దానికీ అంటుకుంది, ఏం చేస్తాం. నేనేం చెప్పలేదే తల్లీ అన్నాను. నాలుగు పేజీలూ చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అద్దం సంగతి రాసిన చోట చాలాసేపు ఆగింది.

తర్వాత పెన్సిల్ అడిగింది. "బలవంతంగా పెట్టేవాళ్ళా" అన్న చోట నువ్వు రాసినదాని కింద తన మాట రాసింది. నేను చూడలేదు, డాక్టరమ్మకి ఇచ్చాక ఆవిడ పిల్లని అడిగి నాకు చూపించింది. "స్టూలు దిగడం నాకు అప్పటికే వచ్చు. అమ్మ ఏడుపు ఆపుతుందేమోనని మింగేదాన్ని. ఎంత మింగినా ఆపలేదు. ఏం చేస్తే ఆపుతుందో నాకు ఇప్పటికీ తెలియదు" అని ఉంది. చదివి నేను వరండాలోకొచ్చి ఏడ్చాను. దాని ముందు ఏడవలేదు, ఆ మాత్రం నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం డాక్టరమ్మతో గంటసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆవిడ చెప్పదు, నేను అడగను. నయమవడానికి నెలలు పడుతుందట. ఒక్కోసారి వెనక్కి కూడా జారుతుందట. అయినా నాడి కాస్త నిలబడింది. నాతో మాట్లాడుతోంది, ముక్తసరిగానే. నన్ను ఇంకా క్షమించలేదు. తొందరేం లేదు, నేనెక్కడికి పోతాను? బుంగ అని మాత్రం నా నోటెంట ఇక రాదు.

నిన్న పొద్దున తనంతట తనే, "అమ్మ వస్తానంటే రమ్మను" అంది. నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఓ షరతు కూడా పెట్టింది. భోజనం వేళ నన్ను వార్డులోంచి పంపించేస్తోంది. నిన్ను మాత్రం పంపదట. మంచం పక్కనే కుర్చీలో ఉండాలట, కానీ గోడవైపు తిరిగి కూర్చోవాలట. అది తిన్నా, తినకపోయినా, చెంచా చప్పుడు ఆగిపోయినా, నువ్వు వెనక్కి తిరగకూడదట. ఎంత మిగిలిందని అడగకూడదట. నర్సు పళ్ళెం తీసుకెళ్ళిపోయాకే ఇటు తిరగాలట.

పళ్ళేలు చూడటమే ఉద్యోగమైన మనిషివి. కూర్చోగలవా? కూర్చోగలిగితే ఈ ఉత్తరం అందగానే మొదటి బండికే రా.

అక్క